నాలుగంగుళాల పైపు ఎంత వాన దించుతుంది: మా డాబా పైపుల పని డైరీ

ఏప్రిల్, మొదటి వారం

మా అపార్ట్‌మెంట్ హైదరాబాద్‌లో నిజాంపేట వైపు. కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తులు, డాబా 420 చదరపు మీటర్లు, అడుగుల్లో చెప్పుకుంటే నాలుగున్నర వేల పైచిలుకు. నాలుగు మూలల్లో నాలుగు డౌన్‌పైపులు, అన్నీ 110 ఎంఎం యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ పైపులు (110 అనేది బయటి వ్యాసం, లోపల దాదాపు 100). షాపులో నాలుగంగుళాల పైపు అని అడిగితే ఇచ్చేది ఇదే. మామూలు వానకి ఏ ఇబ్బందీ ఉండదు. దంచికొట్టే వాన ఒక పావుగంట పడిందంటే మాత్రం పైన హెడ్‌రూమ్ (మెట్లు డాబా మీదకి తేలే గది) గడప దాటి నీళ్లు మెట్ల మీదకీ లిఫ్ట్ మెషీన్ రూమ్‌లోకీ వస్తాయి, కింద స్టిల్ట్‌లో వాననీటి లైన్ చాంబర్ మూత లేచి బైకులన్నీ నీళ్లలో నిలబడతాయి. ఈ వేసవిలో డాబాకి వాటర్‌ప్రూఫింగ్ ఎలాగూ మళ్లీ చేయిస్తున్నాం కాబట్టి పైపుల సంగతి కూడా ఇప్పుడే తేల్చేద్దామని మీటింగులో అనుకున్నారు. ప్లంబింగ్ డ్రాయింగులు వేయడమే నా ఉద్యోగం కనక ఆ పని నాకు అప్పజెప్పారు, నేనూ ఇష్టంగానే తీసుకున్నాను.

ప్లంబర్ వచ్చి చుట్టూ తిరిగి చూసి అక్కడికక్కడే తేల్చేశాడు: "నాలుగు పైపులూ పీకేసి ఆరంగుళాలవి వేసేద్దాం సార్, ఇంక చూసుకోనక్కర్లేదు." సెక్రటరీ గారు కూడా సరే అనబోయారు. లెక్క చూసి చెబుతాను, రెండు వారాలు ఆగండి అన్నాను.

కారణం, పోయిన వర్షాకాలంలో మా వాచ్‌మన్ ఫోన్లో తీసిన వీడియో. అందులో ముందు డాబా కనిపిస్తుంది, పిట్టగోడ వెంట జానెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. తర్వాత అతను కిందికి దిగి ఈశాన్యం మూల పైపు అడుగు చూపిస్తాడు, అక్కడ ఎల్బో పగిలి ఉండటంతో లోపల నీళ్లు ఎలా దిగుతున్నాయో బయటికే తెలుస్తుంది. పైపు నిండుగా లేదు. గోడను అంటుకుని ఒక పొరలా జారుతోంది, మధ్యంతా ఖాళీ. పైన చూస్తే చెరువు, కింద చూస్తే ఇంకా బోలెడు చోటున్న పైపు. అలాంటప్పుడు ఆరంగుళాల పైపు వేసి ఏం లాభం? నీళ్లు పైపులో ఇరుక్కోవడం లేదు, అసలు పైపులోకే వెళ్లడం లేదు.

ఏప్రిల్, వాన లెక్క

ముందు ఎంత వానకి పైపు వేయాలో తేల్చుకోవాలి. పేపర్లో వచ్చేవన్నీ ఇరవై నాలుగు గంటల అంకెలు. 2000 ఆగస్టు వరదలప్పుడు బేగంపేటలో 24 సెంటీమీటర్లు, 2020 అక్టోబరు 13-14 నాడు 19 సెంటీమీటర్లు, ఇలా. ఆ 24 సెంటీమీటర్లని రోజంతా సమంగా పంచితే గంటకి 10 మి.మీ. వస్తుంది. ఆ అంకెతో డాబాకి పైపు వేస్తే జూన్‌లో పడే మొదటి గట్టి వానకే మునిగిపోతాం. వాన సమంగా పడదు కదా, ఆ రోజంతటిలో అసలు దెబ్బ కొట్టేది పది పదిహేను నిమిషాల జోరు. డాబా చిన్నది, దూరపు మూలలో పడ్డ చుక్క కూడా రెండు మూడు నిమిషాల్లో పైపు మూతి దగ్గరికి చేరుతుంది, కాబట్టి మనకి కావలసింది ఆ కొద్ది నిమిషాల జోరు ఎంత అన్నదే. ఊరి వరద కాలువలు డిజైన్ చేసేవాళ్ల సంగతి వేరు, వాళ్లకి నీళ్లు వచ్చి చేరడానికే గంట పడుతుంది, అందుకని వాళ్ల అంకె తక్కువుంటుంది. ఆ అంకె తెచ్చి డాబాకి వాడేసే డ్రాయింగులు నా చేతికి తరచూ వస్తుంటాయి, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

మన ఆఫీసుల్లో ఎక్కువమంది గంటకి 100 మి.మీ. తీసుకుంటారు. నేను 150కి డిజైన్ చేసి 200కి ఒకసారి సరిచూస్తాను. గంటకి 150 అంటే గంటంతా పడి 150 నిండాలని కాదు, పది నిమిషాల్లో 25 మి.మీ. పడితే ఆ జోరు వచ్చేసినట్టే. అలాంటి వానలు మనకి కొత్త కాదు.

ఇక్కడి నుంచి లెక్క చాలా తేలిక. ఒక చదరపు మీటరు మీద ఒక మి.మీ. వాన పడితే సరిగ్గా ఒక లీటరు. కాబట్టి వైశాల్యాన్ని గంట వానతో గుణించి 3600తో భాగిస్తే సెకనుకి ఎన్ని లీటర్లో వచ్చేస్తుంది. డాబా మీద ఇంకిపోయేది ఏమీ ఉండదు, పడ్డదంతా దిగాల్సిందే.

ఒక్క విషయం ఎక్కువమంది వదిలేస్తారు. గాలివాన ఏటవాలుగా కొడుతుంది, హెడ్‌రూమ్ గోడా ట్యాంకు గోడా కూడా తడిసి ఆ నీళ్లన్నీ డాబా మీదకే జారతాయి. నిలువు గోడల్లో సగం వైశాల్యాన్ని కలుపుకోవాలి. మాకు ఒక పక్కన 8 మీటర్ల వెడల్పు, నాలుగున్నర మీటర్ల ఎత్తు గోడ ఉంది, 36 చదరపు మీటర్లు, అందులో సగం 18. మొత్తం 438.

438 × 150 ÷ 3600 = సెకనుకి 18.25 లీటర్లు. గంటకి 200 అయితే 24.3. 150 జోరుకే పది నిమిషాల్లో దాదాపు పదకొండు వేల లీటర్లు, అంటే రెండు వాటర్ ట్యాంకర్లు తెచ్చి డాబా మీద కుమ్మరించినంత. మీటింగులో ఈ మాట చెప్పాక పైపుల పని ఎందుకో మళ్లీ ఎవరూ అడగలేదు.

ఏప్రిల్ రెండో వారం: రెండు పట్టికలు, మధ్యలో పది రెట్ల తేడా

ఈ భాగం కొంచెం ఓపిగ్గా చదవండి, ఈ పని చేసే ప్రతి ఒక్కరికీ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యేదే.

మన దేశంలో ఇంజనీర్లు వాడే వాననీటి పైపుల పట్టిక ఒకటుంది, కోడ్ పుస్తకాల్లోనూ ఇంకుడు గుంతల మాన్యువళ్లలోనూ అదే కనిపిస్తుంది. దాని ప్రకారం 100 ఎంఎం పైపు గంటకి 100 మి.మీ. వానలో 42.7 చదరపు మీటర్ల డాబాని దించుతుంది, 150 మి.మీ. వానలో 28.5. మా 438ని 28.5తో భాగించండి. పదహారు పైపులు కావాలి! ఐదంతస్తుల బిల్డింగు చుట్టూ పదహారు నాలుగంగుళాల పైపులు ఎవరు వేస్తారు, ఎక్కడైనా చూశారా?

అమెరికా ప్లంబింగ్ కోడ్ తీస్తే నాలుగంగుళాల నిలువు పైపుకి గంటకి నాలుగంగుళాల వానలో 4,600 చదరపు అడుగులు అని ఉంటుంది. మీటర్లలోకి మారిస్తే 427. మనది 42.7, వాళ్లది 427. మూడంగుళాల పైపు చూశాను, మనది 20.4, వాళ్లది 204. ఆరంగుళాల పైపు, గంటకి ఆరంగుళాల వాన: మనది 83.6, వాళ్లది 836. సరిగ్గా పదో వంతు. వాళ్ల పట్టిక ప్రకారం వెళ్తే మా డాబా మొత్తానికి రెండే పైపులు చాలు.

ఒకటి పదహారంటుంది, ఇంకొకటి రెండంటుంది. మేస్త్రీల లెక్క ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది, వెయ్యి అడుగులకి ఒక నాలుగంగుళాల పైపు. మా బిల్డర్ వేసిన నాలుగూ ఆ లెక్కన వచ్చినవే.

ఏది నిజమో పట్టికల్ని పట్టుకుని వాదిస్తే తేలదు, నీళ్లు పైపులో ఎలా దిగుతాయో చూడాలి. నిలువు పైపులో నీళ్లు నిండుగా దిగవు, గోడని అంటుకుని చుట్టూ ఒక పొరగా జారుతాయి, మధ్యలో గాలి ఉంటుంది. ఆ గాలి దారి మూసుకుపోతే గడగడమని శబ్దాలు, పీల్చుడు, జాయింట్లు ఊడటం మొదలవుతాయి. అందుకని పైపులో మూడో వంతుకి మించి నీళ్లు ఉండకుండా డిజైన్ చేస్తారు. ఈఎన్ 12056 అనే యూరప్ స్టాండర్డ్ మూడో భాగంలో దీనికి సూత్రం ఉంది, 100 ఎంఎం పైపు మూడో వంతు నిండితే సెకనుకి 10.7 లీటర్లు దించుతుంది, ఐదో వంతు నిండితే 4.6. అమెరికా పట్టికలోని 427 చదరపు మీటర్లని లీటర్లలోకి మారిస్తే దాదాపు 11.9 వస్తుంది, అంటే రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. పైపు మట్టుకు చూస్తే పెద్ద అంకే సరి.

మరి మా నాలుగు పైపులూ కలిసి సెకనుకి 40 లీటర్ల పైన దించగలిగినప్పుడు 18 లీటర్లకే డాబా ఎందుకు మునుగుతోంది?

మూతి లెక్క

జవాబు పైపు మూతి దగ్గర ఉంది. డాబా మీద నీళ్లు పైపులోకి దూకాలంటే మూతి చుట్టూ కొంత లోతు నిలవాలి. ఆ లోతే నీళ్లని లోపలికి తోస్తుంది. అదే స్టాండర్డ్‌లో దీనికీ చిన్న సూత్రం ఉంది: మూతి వ్యాసాన్ని నీటి లోతుతోనూ, ఆ లోతు వర్గమూలంతోనూ గుణించి 7500తో భాగించాలి, కొలతలు మి.మీ.లో వేస్తే జవాబు సెకనుకి లీటర్లలో వస్తుంది. లోతు వ్యాసంలో సగం దాటనంత వరకే ఇది పనిచేస్తుంది, ఆ పైన సూత్రం మారి ప్రవాహం ఇంకా మెల్లగా పెరుగుతుంది.

100 ఎంఎం మూతి, 25 మి.మీ. నీళ్లు. 25 వర్గమూలం 5. వంద ఇంటూ నూటపాతిక బై 7500 అంటే 1.67 లీటర్లు. అంతే. పైపు పది దించగలదు, పాతిక మి.మీ. నీళ్లలో మూతి మింగేది ఒకటిన్నర పైచిలుకు. దాని మీద జాలీ పెడితే ఆ స్టాండర్డే సగానికి తగ్గించమంటుంది, 0.83.

మన దేశపు పట్టిక ఎందుకంత తక్కువ చూపిస్తున్నట్టు ఉంటుందో కూడా ఇక్కడ కొంత అర్థమవుతుంది. 42.7 చదరపు మీటర్లకి 100 మి.మీ. వాన అంటే సెకనుకి 1.19 లీటర్లు, అది 100 ఎంఎం మూతి చుట్టూ 20 మి.మీ. నీళ్లు నిలిస్తే వెళ్లే ప్రవాహం. అంటే చదునైన డాబాలో చదునైన రంధ్రం పెట్టి వదిలేస్తే ఆ చిన్న అంకె పెద్ద అన్యాయంగా ఏమీ ఉండదు. ఒక పట్టిక పైపు గురించి మాట్లాడుతోంది, ఇంకో పట్టికలోని అంకె మూతికి దగ్గరగా ఉంది. ఈ రెండూ వేరు వేరు ప్రశ్నలని పట్టుకుంటే పదహారా రెండా అన్న గందరగోళం పోతుంది.

ఇప్పుడు మా పాత నాలుగు మూతుల సంగతి. ఒక్కొక్కటి సెకనుకి 4.56 లీటర్లు తీసుకోవాలి. జాలీ లేకపోతేనే 49 మి.మీ. నీళ్లు నిలవాలి. మావాటికి చదును జాలీలు ఉన్నాయి, వాటితో లోతు వ్యాసంలో సగం దాటుతుంది కనక ఆ రెండో సూత్రంతో లెక్క వేస్తే 187 మి.మీ. వస్తోంది. హెడ్‌రూమ్ గడప ఎత్తు 150. టేపు పెట్టి కొలిచాను. అందుకే నీళ్లు గడప దాటుతున్నాయి, ఇందులో మిస్టరీ ఏమీ లేదు.

ప్లంబర్ చెప్పినట్టు ఆరంగుళాల పైపు వేస్తే మూతి కూడా పెద్దదవుతుంది కదా అని సెక్రటరీ గారు అడిగారు. మంచి ప్రశ్న. అవుతుంది, కానీ మూతి ఒక్కటీ పెద్దది చేస్తే చాలు, ఐదంతస్తుల పైపూ మార్చనక్కర్లేదు. పైన 160 నుంచి 110కి దిగే గరాటు రిడ్యూసర్ పెడితే సరిపోతుంది.

ఏప్రిల్ చివర: బరువు

నీళ్లు నిలిస్తే ఏమవుతుంది, కాసేపటికి దిగిపోతాయి కదా అనేవాళ్లు ప్రతి బిల్డింగులోనూ ఉంటారు. వాళ్ల కోసం ఈ లెక్క. ఒక సెంటీమీటరు నీళ్లు చదరపు మీటరుకి 10 కిలోలు. 15 సెంటీమీటర్లు అంటే 150 కిలోలు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి మన దేశపు స్టాండర్డ్ ఐఎస్ 875 రెండో భాగం చెప్పే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల లాంటి వచ్చిపోయే బరువు) చదరపు మీటరుకి 1.5 కిలోన్యూటన్లు, దాదాపు అదే 150 కిలోలు. అంటే నీళ్లు గడప ఎత్తుకి వచ్చేసరికి ఆ చోట స్లాబుకి ఇచ్చిన అలవెన్సు అంతా నీళ్లే తినేశాయి. ఆ సమయంలో జాలీ శుభ్రం చేద్దామని నలుగురు పైకెక్కితే? ఈ మాట భయపెట్టడానికి రాయడం లేదు, ఓవర్‌ఫ్లో రంధ్రాలు ఎందుకు కచ్చితంగా ఉండాలో చెప్పడానికి రాస్తున్నాను.

పిట్టగోడలో ఓవర్‌ఫ్లో కోసం నాలుగు స్పౌట్లు పెడుతున్నాం, ఒక్కొక్కటి 150 మి.మీ. వెడల్పు, అడుగు భాగం డాబా మట్టానికి 75 మి.మీ. పైన. వాటిలో 50 మి.మీ. లోతు పారితే ఒక్కోటి 2.2 లీటర్లు, నాలుగూ కలిపి తొమ్మిదికి దగ్గర, మొత్తం డిజైన్ వానలో సగం. అప్పటికీ నీళ్లు 125 దగ్గరే ఉంటాయి, గడప దాటవు. స్పౌట్లలోంచి నీళ్లు రోడ్డువైపు కనిపించేలా పడాలి, గోడ చాటున పడకూడదు. అక్కడ నీళ్లు పడుతున్నాయంటే పైన ఏదో మూసుకుందని వాచ్‌మన్‌కి కిందనుంచే తెలియాలి.

మే మొదట్లో: ఖరారైన డిజైన్

ఉన్న నాలుగూ ఉంచి, పొడవు పక్కల మధ్యలో ఒక్కోటి చొప్పున ఇంకో రెండు. మొత్తం ఆరు. ప్రతి మూతి దగ్గర ఒకటిన్నర అడుగుల చదరంలో ఖుర్రా (నీళ్లు చేరే పల్లం), డాబా మట్టానికి 50 మి.మీ. కిందికి. ఈ లోతు స్లాబు మీద వేసే వాటర్‌ప్రూఫింగ్ స్క్రీడ్ పొరలోనే దొరుకుతుంది, స్లాబుని ముట్టుకోనక్కర్లేదు. మూతి 160, గుమ్మటం జాలీ, కింద పాత 110 పైపే.

ఆరింటికి పంచితే ఒక్కోదానికి 3.04 లీటర్లు. జాలీతో సహా కావలసిన లోతు 43 మి.మీ., అంటే నీళ్లు ఖుర్రాలోనే ఉంటాయి, డాబా మీదకి రావు. గంటకి 200 వానలో 52. ఒక మూతి పూర్తిగా మూసుకుపోయి ఐదే పనిచేస్తే 49. ఈ మూడు అంకెలూ పక్కపక్కన చూసుకున్నప్పుడు నిజంగా తృప్తి కలిగింది, ఆరంగుళాల పైపుల ఖర్చు లేకుండా, పాత పైపులు తీయకుండా పని అయిపోతోంది.

కొత్త పైపులు ఐఎస్ 13592 ప్రకారం తీసుకున్నాం. అందులో ఏ టైపు, బీ టైపు అని రెండుంటాయి. ఏ టైపు గాలి పైపులకీ వాననీటికీ, బీ టైపు మురుగు పైపులకి. 110లో ఏ టైపు గోడ మందం 2.2 మి.మీ., బీ టైపుది 3.2. వాననీటికి ఏ టైపు కోడ్ ప్రకారం సరిపోతుంది, ధర కూడా తక్కువ. కానీ స్టిల్ట్ మట్టంలో కార్లు తగిలే చోట, అడుగు బెండు దగ్గర మాత్రం నేను బీ టైపే పెట్టించాను.

మే: నేల కింద లైన్

పైన ఎంత బాగా చేసినా కింద దారి లేకపోతే అవే నీళ్లు స్టిల్ట్‌లో పైకి లేస్తాయి. మా పాత లైన్ చూసి ఆశ్చర్యపోయాను. నాలుగు డౌన్‌పైపులూ కలిసేది ఒకే ఒక్క 110 పైపులో, ట్యూబ్ లెవెల్ పట్టి చూస్తే వాటం 200కి 1 (200 మీటర్లకి ఒక మీటరు దిగుడు) కూడా సరిగ్గా లేదు. నిలువు పైపుకీ పడుకోబెట్టిన పైపుకీ ఇక్కడే తేడా. నిలువుగా ఉన్నప్పుడు పది లీటర్లు దించే నాలుగంగుళాల పైపు, 200కి 1 వాటంతో పడుకుంటే పైపుల్లో ప్రవాహం లెక్కగట్టే మ్యానింగ్ సూత్రం ప్రకారం నిండుగా పారినా 4.7 లీటర్లే. రావలసింది 18. మిగతా నీళ్లు చాంబర్ మూత ఎత్తుకుని రాకుండా ఇంకెక్కడికి పోతాయి?

కొత్తగా తూర్పు పక్క మూడు పైపులకి ఒక 160 లైన్, పడమర పక్క మూడింటికి ఇంకో 160 లైన్. 100కి 1 వాటంలో 160 పైపు 19 లీటర్లు పారిస్తుంది, ఒక్కో పక్క వచ్చేది 9.1, కాబట్టి హాయిగా సగమే నిండి పోతుంది. రెండూ కలిసే చాంబర్ నుంచి గేటు దాకా 200 ఎంఎం, నేలలో వేసే ఐఎస్ 15328 పైపు, 150కి 1 వాటంలో 27 లీటర్ల పైన. 200 వానలో వచ్చే 24.3 కూడా అందులో ఇముడుతుంది.

150కి 1 ఎందుకంటే అంతకన్నా వాటం దొరకలేదు. కలిసే చాంబర్ నుంచి గేటు దాకా 30 మీటర్లు, రోడ్డు పక్క డ్రెయిన్ అడుగు మనకన్నా మరీ కిందికి లేదు, 20 సెంటీమీటర్లు పడగొట్టడమే గగనమైంది. వాటం తక్కువైన చోట పైపు సైజు పెంచాలి, ఇంకో దారి లేదు. మరీ తగ్గితే మట్టి పేరుకుంటుంది, వేగం సెకనుకి మీటరు దరిదాపుల్లో ఉంటే ఇసుక కూడా కొట్టుకుపోతుంది. మాకు 0.97 వచ్చింది.

సెట్‌బ్యాక్‌లో, అంటే బిల్డింగు చుట్టూ వదిలిన స్థలంలో పడే వాన వేరే. దానికి గ్రేటింగ్ కాలువ విడిగా ఉంది, ఈ లైన్లో కలపలేదు.

డౌన్‌పైపు అడుగున ఒకే 90 డిగ్రీల ఎల్బో కాకుండా రెండు 45 డిగ్రీల బెండులు వేయించాను. ఐదంతస్తులు దిగి వచ్చిన నీళ్లు ఒక్కసారి మలుపు తిరిగితే అక్కడ ఎగిసి పైపు నిండిపోతుంది, ఈశాన్యం మూల ఎల్బో పగిలింది కూడా అందుకే. ప్రతి అడుగునా డోర్ ఉన్న ఫిట్టింగ్ ఉంది, లేకపోతే రేపు అడ్డం పడినప్పుడు కోసి చూడాల్సి వస్తుంది.

ఇంకో మాట. ప్లంబర్ ఒక సులువు చెప్పాడు, గేటు దగ్గర డ్రైనేజీ మ్యాన్‌హోల్ దగ్గరగా ఉంది, అందులో కలిపేద్దాం, వాటం కూడా బాగా దొరుకుతుంది అని. ఒప్పుకోలేదు. సెకనుకి 18 లీటర్ల వాననీళ్లు మురుగు లైన్లోకి వదిలితే అవి వీధి చివర పల్లంలో ఉన్న ఇళ్ల బాత్రూముల్లోంచి పైకి వస్తాయి. మన ఇంట్లోంచి తీసి పక్కవాళ్ల ఇంట్లో పోసినట్టే. ఈ ఒక్క విషయంలో మాత్రం ఎవరు ఎంత చెప్పినా వినకండి.

ఇంకుడు గుంత ఉంది కదా, పైపు చిన్నది వేయొచ్చు కదా అని పై అంతస్తు అంకుల్ అడిగారు. నీళ్లు, భూమి, చెట్ల రక్షణకి వాల్టా చట్టం వచ్చిన 2002 నుంచీ ఇంకుడు గుంత మాట వింటూనే ఉన్నాం, మాకూ ఉంది, రెండు మీటర్ల పొడవు, వెడల్పు, లోతు. ఎనిమిది ఘనపు మీటర్లు, కానీ నిండా కంకర, అందులో ఖాళీ నలభై శాతం అనుకుంటే 3,200 లీటర్లు. పది నిమిషాల్లో వచ్చేది పదకొండు వేలు. మూడు నిమిషాల్లో నిండిపోతుంది. మామూలు వానలన్నీ ఇంకడానికి గుంత కావాలి, దాన్ని తప్పకుండా ఉంచాం, ముందు నీళ్లు దాంట్లోకే వెళ్లేలా పెట్టాం, నిండాక పొర్లి 200 లైన్లోకి పోతాయి. కానీ పైపు సైజు మాత్రం గుంత లేదనుకునే వేయాలి.

మే చివర: పని

కొత్త రెండు రంధ్రాలకి కోర్ కటింగ్. బీమ్ ఎక్కడుందో స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత గుర్తు పెట్టించాకే మిషన్ పెట్టనిచ్చాను, బీమ్ దాటి బయటికి వచ్చిన స్లాబు భాగంలోనే కోశారు.

ఎండ బాగా ఉంది. పైపు జాయింట్ల దగ్గర నేనే నిలబడ్డాను, ఎందుకంటే రబ్బరు రింగు జాయింట్లో పైపుని చివరిదాకా తోసేయడం అందరికీ అలవాటు. యూపీవీసీ మీటరుకి, డిగ్రీకి 0.07 మి.మీ. దాకా సాగుతుంది. మూడు మీటర్ల పైపు, చలికాలం తెల్లవారుజామున ఉండే చల్లదనానికీ మే మధ్యాహ్నం గోడ మీద కాలే వేడికీ నలభై డిగ్రీల తేడా వేసుకుంటే 8 మి.మీ. పైన. అందుకని పైపుని పూర్తిగా తోసి, పెన్సిల్‌తో గీత గీసి, 10 మి.మీ. వెనక్కి లాగాలి. మా ప్లంబర్ మొదటి రెండు జాయింట్లకి ఎందుకు సార్ ఇదంతా అన్నాడు, మూడోదాని నుంచి తనే పెన్సిల్ చెవి మీద పెట్టుకుని గీస్తూ పోయాడు. పనితనం ఉన్న మనిషి, కారణం తెలిస్తే ఒకరు చెప్పాల్సిన పని లేదు.

జూన్ మొదట్లో: నీళ్లు పోసి చూడటం

వాన కోసం ఎదురు చూడకుండా ఓవర్‌హెడ్ ట్యాంకు వాష్‌అవుట్ వాల్వ్ తెరిచి, నీళ్లని గొట్టంతో ఒకే ఖుర్రా వైపు మళ్లించాం. ట్యాంకు అడుగు వైశాల్యం పది చదరపు మీటర్లు. లోపల స్కేలు పెట్టి చూస్తే నిమిషానికి 20 మి.మీ. తగ్గుతోంది, అంటే 200 లీటర్లు, సెకనుకి 3.3. డిజైన్ ప్రవాహం కన్నా కొంచెం ఎక్కువే, పరీక్షకి సరిగ్గా సరిపోయింది.

ఖుర్రాలో స్టీలు స్కేలు నిలబెట్టాను. సూత్రం ప్రకారం 46 రావాలి. మెల్లగా పెరిగి 38 దగ్గర ఆగిపోయింది, ఎంతసేపు చూసినా అంతే. గుమ్మటం జాలీ మూతిని సగం అడ్డుకుంటుందన్న లెక్క కన్నా తక్కువే అడ్డుకుంటోందన్నమాట. తర్వాత పాత చదును జాలీ పెట్టి, గుప్పెడు వేపాకులూ ఒక చిరిగిన పాలిథిన్ కవరూ వేసి చూశాం. కవరు వెళ్లి జాలీకి చాపలా అతుక్కుంది, నిమిషంలోపే నీళ్లు ఖుర్రా దాటి డాబా మీదకి వచ్చేశాయి. అదే చెత్త గుమ్మటం జాలీ మీద వేస్తే కింద భాగం మూసుకుంది కానీ పైనున్న చీలికల్లోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి, స్కేలు 50 దాటలేదు. సెక్రటరీ గారు పక్కనే ఉండి ఇది కళ్లారా చూశారు. గుమ్మటం జాలీల బిల్లు మీద అప్పటిదాకా ఉన్న అభ్యంతరం అక్కడితో పోయింది.

కింద చాంబర్లో నీళ్లు పైపులో మూడో వంతు కూడా లేకుండా చకచకా పోతున్నాయి.

జూన్ చివర

మొదటి గట్టి వాన సాయంత్రం పడింది, పావుగంట సేపు ఎదురింటి గేటు కనిపించనంత. గొడుగు వేసుకుని హెడ్‌రూమ్ గుమ్మంలో నిలబడి చూశాను. ఐదు ఖుర్రాల చుట్టూ డాబా తడిగా ఉంది కానీ నీళ్లు నిలవలేదు. ఆగ్నేయం మూలలో ఒకటి మాత్రం కొంచెం పొర్లింది. వాన ఆగాక చూస్తే వాటర్‌ప్రూఫింగ్ వాళ్లు వదిలేసిన గోనెసంచి ముక్క జాలీని చుట్టుకుని ఉంది. స్పౌట్ల దాకా నీళ్లు రాలేదు. స్టిల్ట్ పొడిగా ఉంది.

ఇబ్బంది ఇంకొకటి బయటపడింది, అది మా ఆవరణ బయటిది. రోడ్డు డ్రెయిన్ అంచుదాకా నిండి, మా చివరి చాంబర్లో నీళ్లు పైపు పైభాగం దాకా వెనక్కి తన్నాయి. అందుకని అక్కడ వెనక్కి రానివ్వని ఫ్లాప్ వాల్వ్ ఒకటి పెట్టాలి. అది మూసుకుని ఉన్నంతసేపు మన నీళ్లు బయటికి పోవు, చాంబర్లలోనూ లైన్లోనూ పట్టినంత పట్టి ఆ తర్వాత స్టిల్ట్‌లోకే వస్తాయి. అలాంటప్పుడు తూర్పు పక్క చివరి చాంబర్ నుంచి గ్రేటింగ్ కాలువలోకి ఒక పై మట్టపు దారి ఇస్తే నీళ్లు సెట్‌బ్యాక్ మీదుగా గేటు బయటికి పొర్లిపోతాయి, పార్కింగ్‌లోకి రావు. దాని మట్టాలు ఈ వారం కొలుస్తున్నాను.

వార్డు ఆఫీసులో రోడ్డు డ్రెయిన్ పూడిక గురించి అర్జీ ఇచ్చాం, ఫొటోలతో సహా. వాచ్‌మన్‌కి వానాకాలం అంతా వారానికి ఒకసారి ఆరు జాలీలూ చూడమని చెప్పి, డాబా తలుపు వెనక ఖుర్రాల మ్యాపు అతికించాం. మిగిలిన పనులు: ఎండ పడే పైపులకి పెయింటు, పడమర పక్క రెండు క్లాంపులు, ఫ్లాప్ వాల్వ్. వాల్వ్ రాగానే కొలతలతో సహా ఇక్కడే రాస్తాను.